జీడి పిక్క మొలక: ఉద్దానం నర్సరీ ప్రాజెక్టు డైరీ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, పలాస, వజ్రపుకొత్తూరు వైపు జీడి (జీడిమామిడి) తోటల్లో ఖాళీలు పూడ్చడానికి అంటుమొక్కలు కావాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కూల్చిన చెట్ల జాగాలు కొన్ని తోటల్లో ఇంకా ఖాళీగానే ఉన్నాయి. అంటుకు పై పుల్ల బాపట్ల పరిశోధన కేంద్రం ఇచ్చిన బీపీపీ-8 రకానిది. కింద వేరుమొక్కను మాత్రం పిక్క నాటి పెంచుకోవాల్సిందే. ఈ డైరీ ఆ కింది సగం గురించి, అంటే పిక్క చేతికొచ్చిన దగ్గర్నుంచి మొక్క అంటు కట్టే వయసుకొచ్చేదాకా.

ముందే ఒక మాట. నర్సరీల్లో ఎవరిని అడిగినా ‘ఎంత శాతం మొలిచింది’ అన్న లెక్కే చెబుతారు. మేం ఆ లెక్క రెండోది అనుకున్నాం. మొదటిది, ఎన్ని ఒక్కసారిగా మొలిచాయన్నది. మెత్తకొమ్మ అంటుకు, అంటే లేత కాడను చీల్చి అందులో పుల్ల దింపి కట్టే పద్ధతికి, వేరుమొక్క వయసు 45 నుంచి 60 రోజుల మధ్య ఉండాలి. తల్లిచెట్టు మీద పుల్లకు వారం, పది రోజుల ముందే ఆకులు కత్తిరించి పెడతాం, మొగ్గ ఉబ్బాక ఆ పుల్ల ఎవరి కోసమూ ఆగదు. మట్టి నింపిన వెయ్యి ప్లాస్టిక్ కవర్లలో తొమ్మిది వందలు మొలిచినా, అవి నెల పొడవునా ఒక్కొక్కటిగా మొలిస్తే, పుల్ల సిద్ధమైన రోజున సగం మొక్కలు ముదిరిపోయి ఉంటాయి, పావు వంతు ఇంకా లేతగా ఉంటాయి. అందుకే కింద రాసిన పనులన్నీ మొలకను దగ్గర దగ్గరగా రప్పించడానికే.

మార్చి నెలాఖరు: పిక్కలు ఎక్కడివి

పండి తనంతట తాను రాలిన పిక్కే విత్తనానికి పనికొస్తుంది. కర్రతో దులిపిన వాటిలో పచ్చివి కలుస్తాయి. అవి పైకి ముదురుగానే కనిపిస్తాయి గానీ లోపల పప్పు నిండి ఉండదు. రోజూ పొద్దున్నే చెట్టు కింద ఏరించి, పండు నుంచి అప్పటికప్పుడే వేరు చేయిస్తున్నాం. పండుతోపాటు రెండు రోజులు కుప్పలో ఉంటే రసం పులిసి, పిక్క తొడిమ దగ్గర బూజు పడుతుంది.

పలాసలో పిక్కలకు కొదవ లేదు కదా, ఫ్యాక్టరీ గోదాములోంచి ఒక బస్తా తెచ్చుకుంటే పోలేదా అని అందరూ అంటారు. వద్దు. దానికి రెండు కారణాలు. ఒకటి, పప్పు కొట్టే ముందు పిక్కకు బాయిలర్లో ఆవిరి పడతారు. ఆవిరి పట్టిన పిక్క చూడటానికి కొంచెం నిగనిగలాడుతూ బాగానే ఉంటుంది గానీ లోపల మొలక చచ్చిపోయి ఉంటుంది. ఆరబోసిన కుప్పల్లో ఏది పచ్చిదో, ఏది ఆవిరి పట్టిందో బయటివాడికి తెలియదు. రెండు, గోదాముల్లో ఆఫ్రికా దేశాల నుంచి ఓడల్లో వచ్చిన సరుకు కూడా ఉంటుంది. అది కోసి ఎన్ని నెలలైందో, ఓడలో ఎంత వేడి తగిలిందో ఎవరూ చెప్పలేరు. పప్పుకు పనికొచ్చేది విత్తనానికి పనికిరాకపోవచ్చు. పప్పు వ్యాపారి చూసేది బస్తాకు ఎంత పప్పు దిగుతుందనే గానీ, మొలక బతికుందా లేదా అని కాదు.

కాబట్టి ఈ సీజన్ పంట, తెలిసిన తోట, చీడ లేని నడివయసు చెట్లు. కిందటి సీజన్ పిక్క ఎంత శుభ్రంగా దాచినా, నెలలు గడిచేకొద్దీ మొలక తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం, మొలిచేవి కూడా వెనకా ముందూ అవుతాయి.

పరిమాణం విషయానికొస్తే మధ్యరకం మేలు, పిక్క 5 నుంచి 8 గ్రాములు తూగాలి. మరీ పెద్దవి ఏరుకోవాలని చేయి పీకుతుంది గానీ, పెద్ద పిక్కల్లో లోపల గుల్లగా ఉన్నవి ఎక్కువ తగులుతున్నాయి. 7 గ్రాముల పిక్కయితే కిలోకు 140 దాకా తూగుతాయి. వెయ్యి కవర్లకు లెక్క ప్రకారం ఏడు కిలోలు పైచిలుకు చాలు. ఉప్పునీళ్ల పరీక్షలో తేలినవీ, పగిలినవీ పోను చేతిలో మిగలాలంటే 11, 12 కిలోలు ఏరుకోవాలి.

ఏప్రిల్ మొదటి వారం: ఎండ

రెండు నుంచి మూడు రోజుల ఎండ. సిమెంటు కళ్లం మీద ఒకే వరుసగా పరిచి, మధ్యాహ్నం ఒకసారి తిరగేసి, సాయంత్రం పోగుచేసి గోనె కప్పుతున్నాం. రాత్రి మంచు తగిలితే పగలు ఆరిందంతా వృథా. నల్ల టార్పాలిన్ మీద ఆరబోయొద్దు, మన ఏప్రిల్ ఎండకు అది పెనంలా కాలి అడుగు పిక్కల్ని ఉడికిస్తుంది.

ఆరిందని తెలిసేది గోటితోనే. గోరు నొక్కితే తొక్క మీద గాటు పడకూడదు. రెండు పిక్కలు ఒకదానికొకటి కొడితే గట్టిగా టక్కుమనాలి. అక్కడితో ఆపాలి, ఇంకో రెండు రోజులు ఎండితే మరింత మంచిదనుకోవద్దు. ఆరిన పిక్కను గోనె సంచిలో, నేలకు తగలకుండా చెక్కల మీద పెట్టాం. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి పెడితే, ఏ కొంచెం తడి మిగిలినా లోపలే చెమర్చి బూజు వస్తుంది.

ఏప్రిల్ మూడో వారం: ఉప్పునీళ్ల పరీక్ష

మొత్తం ప్రాజెక్టులో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇదే. లీటరు నీటికి 150 గ్రాముల కల్లుప్పు. 20 లీటర్ల బకెట్టుకు 3 కిలోలు. ఉప్పు పూర్తిగా కరిగాకే పిక్కలు వేయాలి, కరగక ముందే వేస్తే పైన నీళ్లు పలచగా, అడుగున చిక్కగా ఉండి పరీక్ష తప్పుతుంది. బకెట్టుకు రెండు, మూడు కిలోలకు మించి వేయొద్దు. చేత్తో బాగా కలియబెట్టాలి. తొక్క మీద పట్టుకున్న గాలి బుడగలు పోతేగానీ మునగాల్సినవి మునగవు. పది నిమిషాలు ఆగి తేలినవన్నీ తీసేయాలి. మునిగినవాటిని రెండుసార్లు మంచినీళ్లతో కడగాలి. ఉప్పు అంటుకుని ఉంటే తర్వాత పిక్క నీళ్లు తాగదు.

తేలినవి పారేయలేదు. పోలిక కోసం ఒక మడిలో వాటినే నాటాం. కొన్నింటిని కత్తితో నిలువుగా కోసి చూశాం. మునిగినవాటిలో పప్పు తెల్లగా, తొక్క లోపలి గోడకు ఆనుకుని నిండుగా ఉంది. తేలినవాటిలో కొన్నింట్లో పప్పు ముడుచుకుపోయి గోడకూ పప్పుకూ మధ్య ఖాళీ, కొన్నింట్లో పసుపుపచ్చగా మారిన మచ్చ, కొన్నింట్లో పురుగు తిన్న పొడి. బాగున్నవీ కొన్ని ఉన్నాయి. ఈ పరీక్ష మంచి పిక్కల్ని కొన్నిటిని కూడా పోగొడుతుంది, ఆ మాట నిజం. అయినా పిక్క ధర ఎంత, ఒక కవరు నింపి రెండు నెలలు నీళ్లు పోసే ఖర్చు ఎంత? ఆ లెక్క చూస్తే పోగొట్టుకోవడమే లాభం.

కోసేటప్పుడు జాగ్రత్త. తొక్క మధ్య పొరలో తేనెపట్టులా గదులు, వాటి నిండా జీడిరసం ఉంటుంది. చర్మానికి తగిలితే పొక్కుతుంది, రెండు రోజుల తర్వాత ఊడి వస్తుంది. చేతులకు కొబ్బరినూనె పట్టించి, పాత కత్తి వాడి, ఆ చేత్తో కళ్లు తుడుచుకోకుండా ఉండాలి.

ఏప్రిల్ నెలాఖరు: కవర్లు, మట్టి

కవరు 25 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు, మందం 300 గేజు. కింది సగంలో 16 నుంచి 20 రంధ్రాలు. కొన్న కవర్లకు రంధ్రాలు తక్కువుంటే పంచింగు మిషనుతో మనమే పెట్టుకోవాలి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) సమపాళ్లు. కవరుకు 5 గ్రాముల సూపర్ ఫాస్ఫేటు కలిపాం. నింపిన కవరు రెండు కిలోలకు అటూ ఇటూ తూగుతుంది, వెయ్యి కవర్లకు ఒకటిన్నర నుంచి రెండు ఘనపు మీటర్ల మట్టి కావాలి.

ఇసుక దగ్గర ఉద్దానానికి ఒక చిక్కు ఉంది. సముద్రం పక్కనే ఉంది కదా అని తీరం ఇసుక తెచ్చేస్తారు. అందులో ఉప్పు ఉంటుంది. ఉప్పు ఉన్న మట్టిలో పిక్క నీళ్లు పీల్చుకోవడం ఆలస్యమవుతుంది, మొలిచినా ఆకు కొసలు మాడతాయి. మహేంద్రతనయ నది ఇసుక గానీ, దగ్గర్లో ఉన్న గెడ్డ (వాగు) ఇసుక గానీ తెచ్చుకోవడమే మంచిది.

గెత్తం ఏడాది మాగినదే వాడాలి. పచ్చిదైతే కవర్లో వేడెక్కి లేత వేరును మాడ్చేస్తుంది. పైగా ఇక్కడ ప్రతి జీడి తోట పక్కనా కొబ్బరి ఉంటుంది. కొబ్బరికి పట్టే కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది గెత్తం కుప్పల్లోనే. జల్లెడ పట్టకపోతే బొటనవేలంత లావు తెల్ల పురుగు కవర్లోకి చేరిపోతుంది.

నింపాక మరో పరీక్ష: కవర్లో ఒక గ్లాసు నీళ్లు పోసి చూడాలి. నిమిషంలో ఇంకిపోయి కింద రంధ్రాల్లోంచి చుక్కలు రావాలి. పైనే నిలిస్తే ఎర్రమట్టిలో బంక ఎక్కువైనట్టు, ఇంకో పాలు ఇసుక కలపాలి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా నాటి, మొలవకపోతే ‘పిక్క మంచిది కాదు’ అనేవాళ్లే ఎక్కువ. కుళ్లిన కవరు బోర్లించి చూస్తే పిక్క చుట్టూ మట్టి ముద్దలా ఉంటుంది. నీళ్లెక్కువై గాలి ఆడక పోయిందే తప్ప అందులో పిక్క తప్పేమీ లేదు.

మే మొదటి వారం: నానబెట్టి నాటడం

కడిగిన పిక్కల్ని గాబులో 24 గంటలు నానబెట్టాం. జీడి తొక్క గట్టిది, నూనె పట్టింది, నీళ్లు తొందరగా లోపలికి పోవు. నానబెట్టకుండా నాటినవీ మొలుస్తాయి, కాకపోతే ఏ పిక్క ఎప్పుడు తడి తాగుతుందో చెప్పలేం. 12 గంటలకు ఒకసారి నీళ్లు మార్చాలి. నీళ్లు టీ రంగులోకి తిరిగి, పుల్లటి వాసన మొదలవుతుంది. రెండు రోజులు దాటి నానబెడితే నీళ్లలో గాలి అయిపోయి మొలకే చస్తుంది.

కవర్లకు నాటే ముందురోజు నీళ్లు పోసి మట్టిని దించాం. లేకపోతే నాటాక మట్టి దిగి, పిక్క అనుకున్న లోతుకన్నా కిందికి పోతుంది.

లోతు 2.5 సెంటీమీటర్లు. బొటనవేలి మొదటి కణుపు లోతు అనుకుంటే సరిపోతుంది. తొడిమ ఉన్న కొస, అంటే పండుకు అంటుకుని ఉన్న కొస, పైకి ఉండాలి. కూలీలకు అలవాటు కావడానికి మొదటి రోజు కాసేపు పడుతుంది, ఎందుకంటే పిక్కను అడ్డంగా పడేసి మట్టి కప్పడం సులువు. దగ్గర నిలబడి చూపించాల్సిన పని ఇది. తలకిందులైన పిక్క కూడా మొలవొచ్చు, కాకపోతే మెడ వంకర తిరిగి, అంటు కట్టాల్సిన చోటే గూని వస్తుంది. చీలిక నిటారుగా దిగదు, పుల్ల సరిగా కూర్చోదు. ఆ మొక్కను చివరికి తీసి పారేయాల్సిందే.

పోలిక మడులు: మునిగినవి నానబెట్టి, మునిగినవి నానబెట్టకుండా, తేలినవి నానబెట్టి, అడ్డంగా నాటినవి, 5 సెంటీమీటర్ల లోతులో నాటినవి. మిగతా అన్నీ ఒకే తీరు. మడి మడికీ చెక్క పలక మీద పెయింటుతో రాశాం. మార్కరు పెన్నుతో రాసింది మే ఎండకు వెలిసిపోతుంది.

పైన పలచగా వరిగడ్డి, ఆ పైన 50 శాతం షేడ్ నెట్. మడి చుట్టూ బయటి వరుస కవర్లకు కొబ్బరి మట్టలు ఆనించాం. నల్ల కవరుకు పడమటి ఎండ నేరుగా తగిలితే లోపలి మట్టి కాలిపోతుంది. లోపలి వరుసలు మొలిచి అంచు వరుస మొలవలేదంటే కారణం అదే.

మే నెలాఖరు, రోహిణి కార్తె: మొలకలు

నాటిన రెండు వారాలు దాటాక, మునిగిన–నానబెట్టిన మడిలో మట్టి పగుళ్లు కనిపించాయి. జీడి మొలక కవరు పైభాగాన్ని చిన్న దిబ్బలా ఎత్తుతుంది. ముందు లేత గులాబీ రంగు కాడ విల్లులా వంగి బయటికొస్తుంది. కింద వేరు పట్టు దొరికాక ఆ విల్లు నిటారుగా లేస్తూ, రెండు లావైన పప్పుబద్దల్ని మట్టిలోంచి పైకి లాగుతుంది. అప్పటికి అవి తెల్లగా ఉండవు, ఆకుపచ్చకు తిరుగుతుంటాయి.

కొన్నింట్లో తొక్క ఊడకుండా బద్దల మీద టోపీలా ఉండిపోతుంది. పీకొద్దు. పీకితే బద్దలు విరుగుతాయి, ఒక్కోసారి మధ్యలోని చిగురే వస్తుంది. పొద్దున, సాయంత్రం తొక్క మీద నీళ్లు చిలకరిస్తే మెత్తబడి దానంతట అదే పడిపోతుంది. మరీ లోతుగా నాటిన మడిలో విల్లు బయటికి రాకుండానే ఆగిపోయినవి ఉన్నాయి. తవ్వి చూస్తే కాడ పొడుగ్గా, పాలిపోయి, మట్టి కిందే మెలికలు తిరిగి ఉంది. బలమంతా పైకి రావడానికే ఖర్చయిపోయింది.

మడుల తేడా ఇలా ఉంది. మునిగిన–నానబెట్టిన మడి దాదాపు ఒక వారం వ్యవధిలో పూర్తయింది. నానబెట్టని మడి మొలవక పోలేదు, చివరికి సంఖ్యలో పెద్ద తేడా కూడా లేదు, కాకపోతే మొదటి మొక్క నాలుగాకులు వేసేనాటికి ఇంకా కొత్త పగుళ్లు వస్తూనే ఉన్నాయి. శాతం మాత్రమే చూసేవాళ్లకు ఈ రెండు మడులూ ఒకటే అనిపిస్తాయి. తేలినవాటి మడిలో ఖాళీ కవర్లే ఎక్కువ. అడ్డంగా నాటినవి మొలిచాయి, మెడలు తిన్నగా లేవు.

మొలక వచ్చిన వెంటనే పైన పరిచిన వరిగడ్డి తీసేయాలి, లేకపోతే కాడ సాగి సన్నబడుతుంది. బద్దలు బయటపడ్డాక అసలు శత్రువు ఉడత. మొక్కకు మొదటి వారాల తిండి ఆ బద్దల్లోనే ఉంటుంది. అవి పోయిన మొక్క చావదు గానీ, ఎదుగుదల కుంటుపడి అంటు తేదీకి పెన్సిలు లావు రాదు. షేడ్ నెట్‌ను పక్కలకు కూడా నేలదాకా దించి, అంచు మీద మట్టి కప్పాం. ఎలకలైతే మొలవక ముందే పిక్క తవ్వుకుపోతాయి.

జూన్: వానలు, మెడ కుళ్లు

మృగశిర వానలు పడగానే నీళ్లు పోయడం ఆపేయాలి. అలవాటు కొద్దీ సాయంత్రం కాగానే రోజ్‌క్యాను తీసుకుంటారు. మబ్బు, తడి, దగ్గర దగ్గర కవర్లు, ఈ మూడూ కలిస్తే మెడ కుళ్లు వస్తుంది. మట్టికి ఆనుకున్న చోట కాడ నీరు పట్టినట్టు ముదురు రంగుకు తిరిగి, మెత్తబడి, మొక్క పక్కకు వాలిపోతుంది. వాలిన మొక్కను బతికించలేం. కవరుతో సహా బయటికి తీసి, చుట్టూ ఉన్నవాటిని కాపాడుకోవాలి.

ఒక శాతం బోర్డో మిశ్రమం మొదళ్లలో పోశాం. 10 లీటర్లకు 100 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు), 100 గ్రాముల సున్నం. 5 లీటర్లలో మైలుతుత్తం ఒక ప్లాస్టిక్ బకెట్లో, 5 లీటర్లలో సున్నం ఇంకో బకెట్లో విడివిడిగా కరిగించాలి. ఇనుప పాత్ర వద్దు. మైలుతుత్తం నీళ్లను సున్నం నీళ్లలోకి పోస్తూ కర్రతో కలపాలి, సున్నాన్ని మైలుతుత్తంలోకి పోయొద్దు. కలిపాక శుభ్రమైన కత్తి మొన నిమిషం పాటు ముంచి తీసి చూడాలి. మొన మీద ఎర్రటి తుప్పులాంటి పొర పడితే రాగి ఇంకా మిగిలుంది, సున్నం సరిపోలేదు, అలాగే పోస్తే మొక్క మాడుతుంది. కొంచెం సున్నం నీళ్లు కలిపి మళ్లీ చూడాలి. కలిపిన రోజే వాడేయాలి. చేయడానికి తీరిక లేకపోతే కాపర్ ఆక్సీక్లోరైడు లీటరుకు 3 గ్రాములు.

మందుకన్నా ముందు కవర్ల వరుసల మధ్య జాగా ఇవ్వాలి. మడి కింద ఇటుక ముక్కలు, ఇసుక పరిచిన చోట కుళ్లు తక్కువగా ఉంది. ఉత్త నేల మీద పెట్టిన వరుసలో రంధ్రాలు బురదతో మూసుకుపోయి అక్కడే ఎక్కువ పోయాయి.

జూలై మొదటి వారం: మొక్కల్ని విడదీయడం

మొక్కల్ని మూడు గుంపులు చేశాం. కాడ నిటారుగా, పెన్సిలు లావున, మొదలు దగ్గర గోధుమరంగు తిరుగుతూ పైన ఇంకా లేతగా ఉన్నవి ముందు అంటుకు. సన్నగా ఉన్నవి వెనక్కి, రెండు వారాల తర్వాత. మెడ వంకరవి, రెండు కాడలు చీలినవి బయటికి. ఈ మూడో గుంపును ఎవరూ పారేయనివ్వరు, ‘బాగానే ఉంది కదా’ అంటారు. తోట చుట్టూ గట్టు మీద నాటుకోవడానికి పంచేస్తే గొడవ ఉండదు.

మునిగిన–నానబెట్టిన మడిలో ఎక్కువ భాగం మొదటి గుంపులోకి వచ్చింది. నానబెట్టని మడి మూడు గుంపుల్లోకీ చెదిరిపోయింది. పుల్లలకు ఆకులు కత్తిరించడం ఈ గుంపుల లెక్క చూసుకున్నాకే మొదలుపెట్టాం. ముందు కత్తిరించి తర్వాత మొక్కలు వెతుక్కుంటే, మొగ్గ విచ్చేసిన పుల్లలు చేతిలో మిగిలిపోతాయి.

వచ్చే విడతకు మార్పులు రెండే. పిక్కలన్నీ ఒకేరోజు నాటకుండా, అంటు కట్టే మనిషి ఒక వారంలో కట్టగలిగినన్ని కవర్లకే ఒక్కో వారం నానబెట్టి నాటాలి. ఆ వారం తేదీ మడి పలక మీద పెయింటుతోనే రాయాలి.